నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను: శ్రీశైలం పాత కాలిబాటని చూసుకుంటూ నడవాలంటే ఏం తెలుసుకోవాలి?

కొండదారి
అందరికీ నమస్కారం అండి. మాది నంద్యాల పక్కన పల్లె, ఉద్యోగం బెంగుళూరులో. ఈ శివరాత్రికి ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం నడిచిపోదామని ఫ్రెండ్స్‌మి అనుకుంటున్నాం. మొక్కు ఉంది, అది వేరే సంగతి. నాకైతే దాంతో పాటు ఆ దారిని కూడా చూడాలని ఉంది, అంటే ఆ మెట్లు ఎవరు వేయించారు, ఆ చెట్లేంటి, ఆ రాళ్ళేంటి, ట్యాంకర్లూ అన్నదానం షెడ్లూ లేని రోజుల్లో జనం అంత ఎండు కొండల్లో నీళ్ళకి ఏం చేశారు, ఇవన్నీ. యూట్యూబ్‌లో వెతికితే జనం మెట్లెక్కుతూ ఆయాసపడేదే కనబడుతోంది, చెట్టు పేరు గానీ మండపం సంగతి గానీ చెప్పేవాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు ఎక్కడ ఆగాలో ఏం చూడాలో చెప్తే రాసుకొని జేబులో పెట్టుకుంటా.

సీమనడక
మంచి పని తమ్ముడూ. ఆ దారి అర్థం కావాలంటే ఒక్క ప్రశ్న పట్టుకొని నడువు, ఇక్కడ నీళ్ళు యాడుండాయి అని. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. గుడి, మండపం, మెట్లు, గూడెం, జంతువుల జాడ, అన్నీ నీళ్ళని బట్టే ఉంటాయి ఆ అడవిలో. నువ్వు రాసిన పేర్లే చూడు, పెచ్చెర్వు అంటే పెద్ద చెరువు, మఠం బావి, భీముని కొలను, మధ్యలో దామర్లకుంట వస్తాది. ఆ దారి వేసినోళ్ళు దగ్గరి దారి వెతకలేదప్పా, ఒక నీటికాడ నుంచి ఇంకో నీటికాడికి వేసినారు. మనిషి మూటలతో పిల్లాపాపలతో ఎండలో ఎంత దూరం పోగలడో లెక్క ఏసుకొని వేసిన దారి అది.

నాగలూటి కాడ వీరభద్రస్వామి గుడి, కోనేరు ఉండాయి, అక్కడ నుంచి ఎక్కుడు మొదలు. ఎక్కేటప్పుడు అందరూ కాళ్ళ కింద చూసుకుంటా పోతారు కానీ మధ్యమధ్యలో ఆగి వెనక్కి పడమరకి చూడు, కింద ఆత్మకూరు వైపు మైదానం ఎంత చదునుగా ఉండాదో ఈ కొండ ఎంత నిట్టనిలువుగా లేస్తాదో అప్పుడే తెలుస్తాది. పైకి ఎక్కినాక చాలా దూరం మట్టసంగానే ఉంటాది, పెచ్చెర్వు దాకా. అక్కడ రాత్రి ఆగేది పాత అలవాటు, ఇప్పటికీ అంతే. భీముని కొలను మాత్రం పెద్ద లోయ, మెట్ల మీద దిగి మళ్ళా మెట్ల మీదనే కైలాసద్వారం ఎక్కాల. ఎదురుగా ఎక్కుడు కనబడతాంటే అందరికీ భయం పట్టి లోయలో ఆగకుండా పోతారు. నువ్వు అక్కడ ఒక గంట కూర్చో. ఆ దారి మొత్తంలో చూడాల్సిన చోటు అదే.

రాతిరాత
చరిత్ర సంగతి నేను చెప్తానండి, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను, శాసనాల పిచ్చి.

మెట్ల విషయంలో అందరూ చెప్పుకునే పేరు ప్రోలయ వేమారెడ్డి. కొండవీటి రెడ్డిరాజుల్లో మొదటివాడు, 14వ శతాబ్దం మొదటి సగం. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడన్నది ఆయనకి దక్కిన పెద్ద కీర్తి. ఒక్కసారి ఆలోచించండి, కాకతీయ రాజ్యం 1323లో పడిపోయింది, దేశమంతా అల్లకల్లోలంగా ఉంది, అలాంటప్పుడు ఒక కొత్త రాజు చేసిన పనుల్లో ఒకటి అడవిలో దారి బాగుచేయించడం. దారి ఉంటే యాత్రికులు, యాత్రికులుంటే గుడి, గుడి ఉంటే చుట్టూ ఊళ్ళు. తరవాత ఆయన కొడుకు అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. ఆ వెనక విజయనగరం వాళ్ళు వచ్చారు, రెండో హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకి మెట్లు వేయించింది. అంటే ఎవరు రాజ్యానికొచ్చినా ఈ కొండకి మెట్లు వేయించడం ఒక ధర్మంలా సాగింది.

మీరు నడిచే దారిలోనే 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు వెళ్ళారు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్, కాశీకి బయల్దేరి పరివారంతో సహా నల్లమల ఎక్కి శ్రీశైలం చూసుకొని పోయారు. ఆయన కాశీయాత్ర చరిత్రలో ఈ మజిలీలన్నీ ఉన్నాయి, అప్పుడు కర్నూలు నవాబుల ఏలుబడి. బయల్దేరేముందు ఆ పేజీలు తప్పకుండా చదవండి. ఎక్కడ నీళ్ళున్నాయి, దారి ఎలా ఉంది, ఎక్కడ దిగాలి, అన్నీ నోట్ చేసుకుంటూ నడిచిన మనిషి. మనకి రెండొందల ఏళ్ళ కిందట అదే మెట్ల మీద నడిచిన తెలుగువాడి మాట దొరకడం ఎంత అదృష్టమో చూడండి.

ఇంకోటి, శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు కదా, తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇవి పుస్తకంలో బట్టీ పట్టే పేర్లు కాదు, నాలుగు వైపుల నుంచీ జనం నిజంగా నడిచొచ్చిన దారుల మొదళ్ళు. మీది పడమటి దారుల్లో ఒకటి. కన్నడ జనం ఉగాదికి ఇప్పటికీ ఇలాగే వస్తారు, భ్రమరాంబని తమ ఇంటి ఆడబిడ్డగా తలుచుకొని పసుపుకుంకుమ మోసుకొస్తారు. బళ్ళారి, రాయచూరు అవతల నుంచి నడిచొచ్చేవాళ్ళ పక్కన ఒక పూట నడిస్తే ఆ దారి ఎందుకు బతికుందో అర్థమవుతుంది.

మద్దిమాను
నమస్తే. నేను బోటనీ చెప్తాను డిగ్రీ కాలేజీలో. సీమనడక గారు నీళ్ళు అన్నారు కదా, చెట్లు కూడా అదే చెప్తాయి.

శివరాత్రికి అడవి ఆకు రాల్చేసి ఉంటుంది. చాలామంది చూసి అడవి చచ్చిపోయింది ఎండిపోయింది అంటారు, అస్సలు కాదు, నీళ్ళు లేనప్పుడు ఆకు ఉంటే ఉన్న తడి కూడా ఆవిరైపోతుందని చెట్టు కావాలనే ఆకు దులిపేసుకుంటుంది. ఆకు లేని ఆ టైమ్‌లోనే కొండగోగు పూస్తుంది, బోడి కొమ్మల చివర పెద్ద పెద్ద పసుపు పూలు, రాళ్ళ మధ్య దూరం నుంచే కనబడతాయి. మోదుగ కూడా అప్పుడే ఎర్రగా. ఆకులు అడ్డం లేకపోతే పిట్టలకీ తేనెటీగలకీ పూలు బాగా కనబడతాయి, విత్తనం వానల్లోపు రెడీ అవుతుంది.

తపసి చెట్టు గుర్తుపట్టడం చాలా సులువు, తెల్లగా నున్నగా కాగితం పొరలు లేస్తున్నట్టు బెరడు, రాళ్ళ సందుల్లో నిలబడి ఉంటుంది, మధ్యాహ్నం ఎండకి మెరుస్తుంది. దాని బంకే చెంచులు తీసి గిరిజన సహకార సంస్థకి అమ్మేది. బంక కోసం లోతుగా నరికితే చెట్టు చచ్చిపోతుంది, తెలిసినవాళ్ళు చిన్న గాటు పెట్టి మానడానికి టైమ్ ఇస్తారు. మీకు బెరడు మీద పాత గాట్లు మానిన గుర్తులు కనబడితే దగ్గరికి వెళ్ళి చూడండి, పాత గాటు అంచులు లోపలికి ముడుచుకొని మూసుకుపోయి ఉంటాయి, కొత్త గాటు దగ్గర బంక బొట్టు పాకంలా గట్టిపడి ఉంటుంది, తాకితే చేతికి పుల్లటి వాసన. ముట్టుకోవచ్చు కానీ పీకొద్దు, అది ఒకళ్ళ కూలి.

ఇక నల్లమద్ది. బెరడు మొసలి వీపులాగ గళ్ళుగళ్ళుగా పగిలి ఉంటుంది. ఎండాకాలం కొన్ని మానుల్లో బుడిపె లాగ ఉబ్బిన చోట నీళ్ళుంటాయి. 2024 మార్చిలో పాపికొండల్లో ఫారెస్టు వాళ్ళు కొండరెడ్లు చెప్పిన చెట్టుకి గాటు పెడితే ధారగా నీళ్ళు చిమ్మిన వీడియో అందరూ చూసే ఉంటారు. దయచేసి మీరెవరూ ట్రై చెయ్యొద్దు, అది ఆ చెట్టు ఎండాకాలానికి దాచుకున్నది.

నల్లమద్ది గుట్ట మీదా ఉంటుంది, తెల్లమద్ది మాత్రం వాగు పక్కనే. కాబట్టి ఎండిన కొండ మీద నుంచి కిందకి చూసినప్పుడు ఒక గీతలా పచ్చగా పెద్ద చెట్లు కనబడితే అవి తెల్లమద్ది, నేరేడు అయ్యుంటాయి, అక్కడ వాగు ఉన్నట్టే, పైన నీళ్ళు లేకపోయినా ఇసుక కింద తడి ఉంటుంది.

కొండదారి
అబ్బ, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. మేడమ్, ఇవి చూసుకుంటూ నడవాలంటే మా వాళ్ళు నన్ను అడవిలోనే వదిలేసి పోతారేమో గానీ నేనైతే ఆగే తీరతాను. రాళ్ళ గురించి ఎవరైనా చెప్పగలరా? నల్లమల రాయి చూస్తే మా పక్క నాపరాయికి అస్సలు సంబంధం లేదు.

గనిరాయి
రాళ్ళ మీద నా ఉద్యోగం అంతా గడిచింది కాబట్టి చెప్తా. మీ నంద్యాల, బనగానపల్లె వైపు నాపరాయి, సున్నపురాయి. తూర్పున నల్లమలలో క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి గట్టిపడి ఇసుకరాయిని దాటి ఉక్కులా అయిపోయిన రాయి, దాని మధ్య పలకరాయి పొరలు. మార్కాపురం పలకలు మనమందరం బళ్ళో రాసినవే, అవి ఈ కొండల తూర్పు పక్క పలకరాయే. ఇదంతా కడప బేసిన్ అంటారు, దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు, పడమర అంచున మొదలైన పొరల వయసు సుమారు 190 కోట్ల సంవత్సరాలు. ఆ పొరలు పేరుకున్నప్పుడు భూమ్మీద చెట్టు లేదు, జంతువు లేదు, నీళ్ళల్లో కంటికి కనబడని సూక్ష్మజీవులు తప్ప.

ఇప్పుడు ఆ ఇసుక ఎక్కడిది? లోతు తక్కువ సముద్రం అంచున పేరుకున్నది. రుజువు కావాలంటే మెట్ల దగ్గర పక్కకి వంగి రాతి పలకల పైభాగం చూడు. కొన్నిటి మీద సన్నగా వరసగా గీతలు తిరిగి ఉంటాయి, వేలు పెట్టి రుద్దితే ఎగుడుదిగుడు తెలుస్తాది. చీరాల సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద అల వెనక్కిపోయాక పడే గీతలు అవే. ఉదయం ఏటవాలు ఎండలో బాగా కనబడతాయి, మధ్యాహ్నం కనబడవు. ఎవరో మేస్త్రి 14వ శతాబ్దంలో పక్కనున్న పలకనే లేపి మెట్టు చేసేసుంటాడు, కాబట్టి మెట్ల మీదే కనబడినా ఆశ్చర్యం లేదు.

నీళ్ళ సంగతికి వస్తే, క్వార్ట్‌జైట్ నీళ్ళు తాగదు. వాన పడితే సర్రున జారిపోతుంది, అందుకే కొండ ఎండు. కానీ రాయికి నిలువునా పగుళ్ళుంటాయి, కొంత నీళ్ళు ఆ పగుళ్ళల్లోకి దిగుతాయి, దిగి దిగి కింద పలకరాయి పొర తగలగానే ముందుకి పోలేక పక్కకి తిరిగి లోయ గోడలోంచి ఊటగా బయటపడతాయి. అందుకే ఇక్కడ నీళ్ళు కొండ నెత్తిన వెతకకూడదు, లోయ మొదట్లో వెతకాల. భీముని కొలను లోయలో ఉండటం ఊరికే కాదు. మహానంది కోనేట్లో ఏడాది పొడవునా ఒకే తీరుగా నీళ్ళు రావడం కూడా నల్లమల పడమటి అంచు ఊట పుణ్యమే, వానాకాలంలో కొండ తాగిందాన్ని ఎండాకాలంలో మెల్లగా వదులుతుంది.

ఫీనిక్స్ తెలుగు
గనిరాయి గారూ మీ పోస్టు చదివి ఉండబట్టలేక రాస్తున్నా. మేము అరిజోనాలో ఉంటాం, గ్రాండ్ కాన్యన్‌లో కిందకి దిగినప్పుడు 170 కోట్ల ఏళ్ళ విష్ణు షిస్ట్ అనే రాయి మీద 50 కోట్ల ఏళ్ళ పైచిలుకు ఇసుకరాయి కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూపిస్తారు రేంజర్లు, మధ్యలో వంద కోట్ల ఏళ్ళ రాత చెరిగిపోయిందని. మన దగ్గర అలాంటిది ఏమైనా ఉందా, ఈసారి ఇండియా వచ్చినప్పుడు పిల్లలకి చూపించాలి.

గనిరాయి
ఉంది, తిరుమల ఘాట్ రోడ్డు మీదే. కింద పాత గ్రానైటు జాతి రాయి, దాని మీద అడ్డంగా క్వార్ట్‌జైట్ పొరలు, రెంటికీ మధ్య కోట్ల ఏళ్ళ తేడా. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకం. లక్షల మంది బస్సులో దాని పక్క నుంచే పోతారు. కొండ పైన శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే. పిల్లలకి రెండూ చూపించండి, ముందు ఘాట్ రోడ్డుది చూసి తరవాత తోరణం, అప్పుడు కథ వరసగా వస్తుంది.

ట్రెక్‌బాబు
ఫ్రెండ్స్ నాదొక సజెషన్, శివరాత్రికి ఆ జనంలో ఏం చూస్తారు, డిసెంబర్‌లో అయితే వెదర్ సూపర్, లోకల్ వాళ్ళని ఎవరినైనా పట్టుకొని డబ్బులిస్తే తీసుకెళ్తారు, మాకు తెలిసిన గ్రూపు ఒకటి అలాగే పోయొచ్చింది అంట. ఎవరి దగ్గరైనా ఆ మండపాలు, బావులు జీపీఎస్ పాయింట్లు ఉంటే పెట్టండి, నేను మ్యాప్ చేసి అందరికీ షేర్ చేస్తా.

బీటుదారి
బాబూ, దయచేసి ఆ పని చెయ్యొద్దు. నేను అటవీ శాఖలో కింది స్థాయి నుంచి పనిచేసి దిగిపోయినవాణ్ణి. ఆ దారి నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు లోపల ఉంది, 1983 నుంచి పులుల అభయారణ్యం, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. శివరాత్రికీ ఉగాదికీ కొన్ని రోజులు మాత్రం నడకకి వదుల్తారు, మిగతా రోజుల్లో పర్మిషన్ లేకుండా లోపలికి పోతే వన్యప్రాణి చట్టం కింద కేసు. నువ్వు తప్పించుకొని బెంగుళూరో హైదరాబాదో పోతావు, నిన్ను తీసుకెళ్ళిన గూడెం పిల్లోడు కోర్టు చుట్టూ తిరుగుతాడు. అది ఆలోచించు ముందు.

పులి కంటే ఎక్కువ చూసుకోవాల్సింది ఎలుగుబంటిని. రాళ్ళ గుహల్లో ఉంటుంది, తెల్లారుజామున, సాయంత్రం తిరుగుతుంది, ఎదురుపడితే బెదిరి మీదకొస్తుంది. జాతర రోజుల్లో జనం అలికిడికి దూరంగా పోతుంది కాబట్టి గుంపుతో, వెలుతురులో నడవండి. పొద్దుపోయాక మెట్లు దిగొద్దు. లోయ గోడలకి పెద్ద తేనెపట్లుంటాయి, వాటి కింద బీడీ, అగరొత్తి, సెంటు వద్దు. నిప్పు అసలు ముట్టించొద్దు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక అగ్గిపుల్ల చాలు, ఎండాకు మీద గాలి తోడైతే రాత్రికి రాత్రి కొండలు కొండలే కాలిపోతాయి, కింద గడ్డిలో గూళ్ళు పెట్టుకున్న పిట్టలతో సహా. ఎన్నో రాత్రులు కొమ్మలు పట్టుకొని ఆ మంటలు ఆర్పినోళ్ళం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

రాతిరాత
బీటుదారి గారి మాటకి నాదొక మాట. జీపీఎస్ పాయింట్లు బయట పెట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది, గుప్తనిధుల ముఠాలు. అడవిలో విడిగా ఉన్న ప్రతి మండపం, ప్రతి నంది కింద తవ్విపోస్తున్నారు. లింగం పెకలించి పక్కన పడేసిన గుళ్ళు రాయలసీమ కొండల్లో ఎన్నో. పెద్ద దారి మీద ఉన్నవి అందరికీ తెలిసినవే, వాటి గురించి ఎంతైనా మాట్లాడుకుందాం. దారికి పక్కన ఎక్కడో శాసనం గానీ బొమ్మ గానీ కనబడితే ఫోటో తీసి పురావస్తు శాఖకి పంపండి, ఆన్‌లైన్‌లో చోటు చెప్పొద్దు. శాసనం మీద సుద్ద రుద్దొద్దు, నీళ్ళు పోయొద్దు, పక్క నుంచి టార్చి వేస్తే అక్షరాలు నీడకి వాటంతట అవే లేస్తాయి.

ట్రెక్‌బాబు
అర్థమైంది సార్. ఆ పాయింట్ల సంగతి వదిలేస్తున్నా. శివరాత్రికే వస్తా నేను కూడా.

గూడెంబిడ్డ
నేను ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నా. మేం చెంచోళ్ళం, మా మేనత్త వాళ్ళది పెచ్చెర్వు వైపు. అందరూ దారి గురించి బాగా చెప్పినారు, ఒకటి నేను కూడా చెప్తా. ఈ దారి రాజులు మెట్లేసినంక పుట్టింది కాదు. మా పెద్దోళ్ళు తేనెకి, గడ్డలకి, నీళ్ళకి తిరిగిన బాటలు ముందు నుంచి ఉండాయి, యాత్రికులు ఆ బాటల్నే పట్టుకొని వచ్చినారు. వచ్చినోళ్ళని దొంగల నుంచి, జంతువుల నుంచి కాపాడి దాటించింది కూడా మావాళ్ళే, డోలీ మోసినారు, దానికి యాత్రికులు ఇంత ఇచ్చేది. శ్రీశైలం మల్లన్న మాకు చెంచు మల్లన్న. అహోబిలం నరసింహస్వామి మా ఇంటి అల్లుడు, అందుకే సంక్రాంతి కాడ పారువేటకి స్వామి మా వాళ్ళతో బయల్దేరి ఊరూరూ తిరుగుతాడు.

ఎండాకాలం నీళ్ళు ఎట్లా అని కొండదారి అన్న అడిగినాడు. ఎండిన వాగులో ఇసుక తడిగా ఉన్న చోటు జంతువు ముందే కనిపెడతాది, అడవిపంది గానీ దుప్పి గానీ కాళ్ళతో గీకి ఉంటాది. అక్కడ మూరెడు లోతు చేత్తో తవ్వితే మొదట బురద నీళ్ళు వస్తాయి, అవి తోడి పారబోయాల, మళ్ళా ఊరేదాకా ఆగాల, రెండోసారి మూడోసారి తేట నీళ్ళు. తాగినంక చెలమని మూసెయ్యం, పిట్టలు జంతువులు తాగాల కదా. కొండ మీద రాతి గుంటల్లో వాననీళ్ళు నిలిచి ఉంటే వాటికి బండ కప్పి పెట్టేది మా తాతలు, ఎండకి ఇగిరిపోకుండా.

నడిచి వచ్చేవాళ్ళందరికీ ఒక మాట. గూడెంలోకి రండి, నీళ్ళు అడగండి, మాట్లాడండి. అడగకుండా ఆడవాళ్ళని, పిల్లల్ని ఫోన్లో తీయొద్దు. బిస్కెట్ ప్యాకెట్లు విసిరిపోవద్దు. తేనె, నన్నారి గడ్డ, చింతపండు మా దగ్గర కొనండి, అది మర్యాద. జాతర అయిపోయినంక వాటర్ ప్యాకెట్లు ఏరేది మేమే, దుప్పుల పేడలో కవర్లు కనబడతాయి.

మద్దిమాను
తమ్ముడూ, చెలమ గురించి ఎంత వివరంగా చెప్పావు, మా స్టూడెంట్స్‌కి చదివి వినిపిస్తాను నీ పేరు చెప్పకుండా. ప్లాస్టిక్ బాటిల్ ఎవరూ తేవద్దు అందరూ, స్టీల్ బాటిల్ తెచ్చుకోండి, దారిలో నింపుకోవచ్చు.

అచ్చంపేట అన్న
మా దిక్కు కూడా జెర్ర చెప్పాలె. కృష్ణకు ఇవతల నల్లమల మాది, అమ్రాబాద్ టైగర్ రిజర్వు. ఉత్తర ద్వారం ఉమామహేశ్వరం మా అచ్చంపేట పక్కనే, గుట్ట చరియ కింద గుడి, పైన రాతి సందుల నుంచి నీళ్ళు కారుతనే ఉంటయి ఎండకాలం గూడ, ఆ రాళ్ళ సారు చెప్పిన ముచ్చట అక్కడ కండ్లార చూడొచ్చు. ఇంకోటి సలేశ్వరం. చైత్ర పున్నమికి కొద్ది రోజులే వదుల్తరు. పైన అంత ఎండిపోయిన అడివి, కాళ్ళు కాల్తుంటయి, అట్ల నడిచి నడిచి ఒక్కసారి లోయలకు దిగుతుంటే సల్లగాలి తగుల్తది, కింద గుండంల నీళ్ళు పడుతుంటయి, ఏప్రిల్ ఎండల గూడ. లింగమయ్య గుహల ఉంటడు, పూజ చేసేది చెంచులే. మీ భీముని కొలను చూసినోళ్ళు ఇది గూడ చూడాలె, ఒక్కటే కొండ, ఒక్కటే నీళ్ళు, నడుమ నది అంతే. కానీ దిగేకాడ ఇరుకు, జనం మస్తు, ముసలోళ్ళని పిల్లలని తేవొద్దు.

సిద్ధవటం పిట్ట
ఉత్తరం, పడమర చెప్పారు కాబట్టి దక్షిణ ద్వారం నేను చెప్తాను. మాది బద్వేలు పక్క. సిద్ధవటం దగ్గర లంకమల కొండలు. నల్లమల అంత పెద్ద అడవి ఉండదు, ముళ్ళ పొదలు, ఎర్రమట్టి, రాళ్ళు, మధ్యమధ్యలో గడ్డి ఖాళీలు, బస్సులో పోయేవాళ్ళు పనికిరాని భూమి అనుకుంటారు. ప్రపంచం మొత్తం మీద కలివికోడి అనే పిట్ట బతికింది అలాంటి నేలలోనే. 1848లో మొదట సైన్సు వాళ్ళ కంటబడింది, 1900 తరవాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందని రాసేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది, అదీ ఊళ్ళో పిట్టలు పట్టే మనిషి వల్లే. పగలు పొదల నీడన కదలకుండా ఉంటుంది, చీకటి పడ్డాక తిరుగుతుంది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలవని కూడా ఆ నేల తప్పించి తిప్పారు. పొద కొట్టి చదును చేస్తే దానికి ఇల్లు పోతుంది, పొదలు మరీ దట్టంగా పెరిగిపోయినా పోతుంది, మేకలు కాస్త మేస్తూ కాస్త వదిలేస్తూ ఉండే నేల కావాలి దానికి. అందుకే కాపాడటం కష్టం.

2025లో అదే లంకమల అడవిలో పురావస్తు శాఖ వాళ్ళు నడిచి వెతికితే రాతి చరియల్లో పాత బొమ్మలూ శాసనాలూ బయటపడ్డాయి. ఎన్ని వందల ఏళ్ళుగా ఆ కొండల్లోంచి జనం నడిచారో చూడండి. దక్షిణ ద్వారం మాట ఉత్తి మాట కాదని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

ఇంకో జీవి చెప్తాను, మీ నంద్యాల పక్క అడవిలోదే. గుత్తి సాలీడు. ఒంటి నిండా నీలం రంగు, 1899లో గుత్తి రైల్వే కట్టెల యార్డులో దొరికిందని ఆ ఊరి పేరు పెట్టారు, కట్టెలతో పాటు రైలెక్కి వచ్చింది పాపం. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి అని 2001లో గానీ తేలలేదు. పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుంది, తొర్ర ఉన్న ముసలి చెట్టు కొట్టేస్తే అది లేదు. తొర్రలో టార్చి వేసి కెలకొద్దు, కనబడినా చోటు ఎవరికీ చెప్పొద్దు, పట్టుకొని విదేశాలకి అమ్మేవాళ్ళున్నారు.

కొండదారి
అందరి పోస్టులూ కాపీ చేసి పెట్టుకున్నా. ప్లాన్ ఇలా మార్చాను, శివరాత్రి రద్దీకి రెండు మూడు రోజుల ముందే, దారి తెరవగానే బయల్దేరతాం. తెల్లారగానే నాగలూటి ఎక్కుడు, రాతి గీతలు చూడాలంటే ఏటవాలు ఎండ కావాలన్నారు కదా. రాత్రికి పెచ్చెర్వు. మర్నాడు భీముని కొలనులో ఆగటం, కైలాసద్వారం సాయంత్రం లోపు. వీరాస్వామయ్యగారి పుస్తకం మా నాన్న బీరువాలోనే ఉందట, ఫోన్ చేస్తే చెప్పారు. నీళ్ళు మనిషికి ఎంత మోయాలి? మా అమ్మ కూడా వస్తానంటోంది, 58 ఏళ్ళు, పొలం పని చేసే మనిషే, మోకాళ్ళు కొంచెం నొప్పి.

సీమనడక
మనిషికి మూడు నాలుగు లీటర్లు తక్కువ కాకుండా చూసుకో, జాతర రోజుల్లో మధ్యలో ఇస్తారు గానీ వాళ్ళ మీదే ఆధారపడొద్దు, ముందు రోజుల్లో పోతున్నావు కాబట్టి షెడ్లు అన్నీ పడి ఉండవు. ఉత్త నీళ్ళే తాగితే చెమటకి ఒంట్లో ఉప్పు పోయి కాళ్ళు పట్టేస్తాయి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు గానీ ఉప్పేసిన మజ్జిగ గానీ పెట్టుకో. సద్ది కట్టుకొని పో, జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, రెండు దినాలు చెడవు. పన్నెండు నుంచి మూడు దాకా నడవొద్దు, నీడలో పడుకోండి.

అమ్మకి ఎక్కుడు కాదు దిగుడు కష్టం, మోకాళ్ళ మీద బరువు అప్పుడే పడతాది. భీముని కొలను దిగేకాడ రెండు చేతుల్లో రెండు కట్టెలు పట్టుకోమను, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగమను. కొత్త చెప్పులు, కొత్త షూ వద్దు. ముందు ఒక వారం పొద్దున పూట మీ ఊరి గుట్ట ఏదైనా ఎక్కిదిగమను, నొప్పి ఎక్కువైతే అమ్మని బస్సులో శ్రీశైలం పంపించు, నువ్వు నడిచిపోయి అక్కడ కలువు.

బీటుదారి
దారి ఎప్పుడు వదుల్తారో ఆత్మకూరు ఫారెస్టు ఆఫీసులో అడిగి కనుక్కోండి, ప్రతి ఏడూ తేదీ మారుతుంది. వాట్సాప్‌లో వచ్చేది నమ్మొద్దు. ఆధార్ కార్డు జిరాక్స్ దగ్గర ఉంచుకోండి.

ట్రెక్‌బాబు
కర్నూలు నుంచి ఆత్మకూరు బస్సులు ఉన్నాయి చూశా, అక్కడ నుంచి వెంకటాపురానికి ఏముంటాయి?

సీమనడక
ఆటోలు. జాతర టైమ్‌లో ఆత్మకూరు బస్టాండు బయటే నిలబడి ఉంటాయి, తెల్లారుజాము నాలుగింటికే దొరుకుతాయి. ముందు రోజు రాత్రే ఆత్మకూరు చేరుకొని పడుకోండి, అందరూ ఒక్క ఆటోలో పోవచ్చు.